క్యూపిడ్‌కీ క్యుపిడిటీకీ చుట్టరికం ఉందా?

సందేహం: ఒక ఇంగ్లీషు పేపర్లో ఓ నాయకుడి గురించి రాస్తూ ‘క్యుపిడిటీ’ అన్నారు. క్యూపిడ్ అంటే రోమన్ల మన్మథుడు కదా, ఏదో ప్రేమ వ్యవహారం అనుకున్నాను. తీరా చదివితే అంతా భూముల గొడవే. అసలు ఆ మాటకు అర్థం ఏమిటండీ? తెలుగులో లోభం అనవచ్చా?

సమాధానం: చుట్టరికం ఉంది, అర్థమే వేరు. క్యుపిడిటీ అంటే దురాశ, ముఖ్యంగా డబ్బు మీదా ఆస్తి మీదా ఉండే అంతులేని ఆశ. లాటిన్లో ‘కుపెరె’ అంటే కోరుకోవడం. అందులోంచి వచ్చిన ‘కుపీడో’ అంటే కోరిక, దానికే దేవుడి రూపం ఇస్తే క్యూపిడ్ అయ్యాడు. ‘కుపిడిటాస్’ కూడా అక్కడిదే, ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి క్యుపిడిటీ అయింది. మనకు కామం, కాముడు ఉన్నట్టే అన్నమాట. సంస్కృతంలో కామమంటే ఏ కోరికైనా కావచ్చు, తెలుగు వాడుకలో మాత్రం అది శృంగారం వైపు ఒరిగిపోయింది, ఇంగ్లీషు వాళ్ల మాటేమో డబ్బు వైపు ఒరిగింది. మన ‘కోపం’లో ఉన్న ‘కుప్’ ధాతువు, ఈ కుపెరె ఒకే మూలం నుంచి వచ్చి ఉండవచ్చని కూడా భాషాశాస్త్రవేత్తలు అంటారు, లోపల ఉడికిపోవడం అనే అర్థంలో. నాకు చాలా ఇష్టమైన పోలిక ఇది.

ఇక లోభం. అరిషడ్వర్గాల్లో లోభమంటే అత్యాశే కాబట్టి తప్పనను. కానీ తెలుగులో లోభి అనగానే గుర్తొచ్చేది పిసినారి. లోభిని చంపడానికి మందూ మాకూ అక్కర్లేదు, డబ్బు అడిగితే చాలని వేమన అన్నది పిసినారి గురించే. చేతిలోది వదలనివాడు వేరు, పక్కవాడిది కూడా కావాలనేవాడు వేరు. మీ నాయకుడు రెండోరకం కదా, అందుకే ఇక్కడ లోభం వాడొద్దంటాను. అన్నట్టు, మీరు ప్రేమ అనుకున్నారు కాబట్టి చెబుతున్నా, లోభంలోని ‘లుభ్’ ధాతువుకూ ఇంగ్లీషు ‘లవ్’కూ మూలం ఒకటే.

బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక (అంటే ఉత్తరం) ఆరో అధ్యాయంలో, గ్రీకు మూలంలో ‘వెండి మీద ప్రేమ’ అనే అర్థం వచ్చే మాట ఉన్నచోట లాటిన్ బైబిల్ కుపిడిటాస్ అంది, తెలుగు బైబిల్ ‘ధనాపేక్ష’ అంది. చక్కటి మాట, డబ్బు సంగతైతే నిక్షేపంగా వాడుకోవచ్చు. కక్కుర్తి మాత్రం కుదరదు, అది చిన్నచిన్న వాటికి ఆశపడేవాడికి సరిపోతుంది. మీరు చదివింది ఎకరాల మాట కాబట్టి ‘భూదాహం’ అనండి, పేపర్ల వాళ్లు ఎప్పటినుంచో రాస్తున్నదే.