తాతగారి దగ్గరికి పంపడం మానిపించాలా?

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటున్నాము. మా అబ్బాయికి పదకొండేళ్ళు, బడిలో తెలుగు లేదు. రైలుపెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరై, మా కింది వాటాలో ఒంటరిగా ఉంటున్న డెబ్బై ఎనిమిదేళ్ళ పెద్దాయన రెండేళ్ళుగా ప్రతి సాయంత్రం వాడి చేత పాత చందమామలు చదివిస్తున్నారు. తమిళంలో క, ఖ, గ, ఘ లన్నిటికీ ఒకే అక్షరం కాబట్టి మావాడికి ఒత్తక్షరాలు పలికేవి కావు. నోటి ముందు అరచెయ్యి పెట్టించి, ‘ఖ’ అన్నప్పుడు చేతికి ఊపిరి తగలాలని ఆయన నేర్పారు. ఇంటికి ఎవరు వచ్చినా వాడు అది చేసి చూపిస్తాడు. పది రోజుల క్రితం ఆయన గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరితే వీడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. రేపోమాపో ఆయన ఇంటికి వస్తున్నారు. ఇంత అనుబంధం మంచిది కాదు, ఇప్పటి నుంచే మెల్లగా దూరం చెయ్యమని మా అత్తగారు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: దూరం చెయ్యకండమ్మా. మీ అత్తగారి భయం మనవడి మీది ప్రేమలోంచే వచ్చింది, కాని ఆయన మంచాన ఉన్న రోజుల్లోనే మీరు రాకపోకలు ఆపేస్తే, మనుషులు బాగున్నంతకాలమే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలని ఆ పసివాడు నేర్చుకుంటాడు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం దశలవారీగా పదో తరగతి దాకా తప్పనిసరి అయిన తరువాత, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒక్క అక్షరమూ చదవలేని పిల్లలను నేను ఎందరినో చూస్తున్నాను. మీవాడికి అమ్మ భాషలో అక్షరం ఇచ్చిన మనిషి కోసం వాడికి అన్నం సయించకపోవడం నాకు తప్పుగా తోచలేదు.

పెద్దల పంచన విద్య నేర్చిన పిల్లలు మనకు కొత్త కాదు. పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్న మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర సంగీతం నేర్చారు. 1951లో గురువు గతించారు. ఆయన ఇచ్చిన విద్య 2016లో ఈ చెన్నైలోనే శిష్యుడు కన్నుమూసే దాకా ఆయన గొంతులో ఉంది.

ముందుగా అబ్బాయికి నిజం చెప్పండి. ఎవరూ ఏమీ చెప్పకపోతే పిల్లలు జరిగినదానికంటే ఘోరమైనది ఊహించుకుంటారు. తాతగారి గుండె బలహీనపడిందని, త్వరగా అలసిపోతారని, కొన్నాళ్ళు ఎక్కువ మాట్లాడించకూడదని వాడికి తెలిసే మాటల్లో వివరించండి. ‘పూర్తిగా తగ్గిపోతుంది’ అని మాత్రం మాట ఇవ్వకండి, అది మన చేతిలో లేదు. ఆ తరువాత వాడికి ఒక పని అప్పగించండి: ఇన్నాళ్ళూ ఆయన చదివించారు, ఇక వాడు చదివి వినిపించాలి. మందుల వేళ గుర్తుచేయడం, కళ్ళజోడు అందించడం కూడా వాడు చేయగలడు. ఊరికే బెంగపడుతూ కూర్చునే పిల్లవాడికి ఇలాంటి చిన్న సేవ ఎంత ధైర్యమిస్తుందో మీరే చూస్తారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇది ఆయన మీద అనుమానంతో కాదు, బిడ్డను ఏ పెద్దల దగ్గరికి పంపినా తల్లి పాటించవలసినదే. వీధి తలుపు తీసి ఉన్న ముందు గదిలోనే కూర్చోనివ్వండి, మీరూ అప్పుడప్పుడు వెళ్ళి పలకరించండి, ‘ఇంట్లో చెప్పకు’ అని ఎవరు అన్నా ఆ మాట వెంటనే మీకు చెప్పాలని వాడికి నేర్పండి.

ఆయన ఇంటికి వచ్చిన రోజు మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి. మొదటిసారి పావుగంట చాలు. ఆసుపత్రికి వెళ్ళేనాటికి సగంలో ఆగిన కథ ఏదో వాడిని అడిగి, ఆ చందమామను చేతికిచ్చి పంపండి.