వానలకు నీళ్లు నిలిచి మామిడి మొక్క వాడిపోతోంది, బతుకుతుందా?

రెండేళ్ల మామిడి, నల్లరేగడి నేల, వారంగా మొదట్లో నీళ్లు, ఆకులు పసుపెక్కి వేలాడుతున్నాయి అన్నారు. వేళ్లు పూర్తిగా కుళ్లకపోతే బతుకుతుంది. ఎరువు వేద్దామనుకుంటుంటే మాత్రం ముందు ఆ సంచి తీసి లోపల పెట్టేయండి.

నాది మామిడి కాదు, నిమ్మ. తెనాలి పక్కన మా పెరడు. మూడేళ్ల మొక్క, అప్పుడే పిందె పట్టింది. భాద్రపదంలో నాలుగు రోజులు ముసురు పట్టి వదలలేదు. ఐదో రోజుకి ఆకులన్నీ రోహిణి ఎండల్లో లాగా ముడుచుకుని వేలాడాయి. మా అమ్మ "పాపం, వాడిపోయిందిరా" అని బియ్యం కడుగు రెండు చెంబులు పోసింది. చుట్టూ చీలమండ లోతు నీళ్లుండగా! నవ్వకండి, ముందురోజు నేను గుప్పెడు యూరియా చల్లాను.

మర్నాడు మొదలుకి అడుగు దూరంలో గడ్డపారతో పొడిస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన. వంటింట్లోంచి మా ఆవిడ "డ్రైనేజీ మళ్ళీ పొంగిందా?" అని అరిచింది. అప్పుడు వెలిగింది నాకు. మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోటంతా నీరు పట్టేస్తే వేరుకి ఊపిరాడదు. ఊపిరాడని వేరు నీటిని పైకి లాగలేదు. నీళ్లలో నిలబడే ఎండిపోతుంది.

తప్పు నాదే. పాతేటప్పుడు రెండడుగుల గుంత తీసి ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపాను. యూట్యూబులో ప్రతివాడూ చెప్పేదదే. రేగడిలో ఆ గుంత సిమెంటు తొట్టితో సమానం.

ఆ సాయంత్రమే మట్టిగడ్డతో సహా లేపి గోనెపట్టా మీదికి ఎక్కించాం. నల్లబడ్డ వేళ్లు పట్టుకుంటే పైతోలు జారి లోపలి దారం చేతికొచ్చింది. అవన్నీ కోసేశాను. తెల్లవి వదిలాను. పిందెలు తుంచాను, అమ్మ చూడకుండా. అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదట్లో పోశాను. పక్కింటాయన గోడ మీంచి చూసి "ఎవరికండీ సమాధి?" అన్నాడు. ఆకులన్నీ రాలి కర్ర మిగిలింది. గోటితో గీకితే లోపల పచ్చగా ఉంది కాబట్టి పీకలేదు. కార్తీకంలో చిగురేసింది.

మీ మామిడిని మాత్రం లేపకండి, తల్లివేరు దిగి ఉంటుంది. కొమ్మల నీడ దాటాక అడుగున్నర లోతు కాలువ తీసి నీటికి వాలు ఇవ్వండి. మొదలు చుట్టూ ఎగదోసిన మట్టి తీసేయండి. తడి నేల మీద తొక్కొద్దు. మజ్జిగ, టీ పొడి, గుడ్డుపెంకులు ఏమీ వద్దు. అంటు కట్టిన చోటికి కింద నుంచి చిగురొస్తే గిల్లేయండి, అది మీరు కొన్న రకం కాదు.

అయినా కాలువ తీస్తే నీళ్లెక్కడికి పోవాలి? మా వీధిలో పాత రోడ్డు గీకకుండా దాని మీదే మూడుసార్లు సిమెంటు పోశారు. వీధి ఎత్తున, ఇల్లు పల్లంలో. ఊరి వానంతా మా గేటు కిందనుంచే లోపలికొస్తుంది. అడిగితే "మీరే ఇల్లు లేపుకోండి" అన్నారు. జాకీలు పెట్టి లేపుతారట, నిమ్మచెట్టు కోసం!

మొన్న మళ్ళీ ఎవరో టేపు పట్టుకుని వీధి కొలిచి వెళ్లారు. దిబ్బకి ఇంకో ట్రాక్టరు మట్టి చెప్పాను.