చూసే ముందు విను: బెల్లీ డ్యాన్స్ నేర్చుకుంటున్న మేనకోడలికి

అమ్మలూ,

నీ ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. తుంటిని గబగబా వణికించే షిమ్మీ మీద పట్టు చిక్కింది, ఇక పాతకాలపు ఈజిప్టు డ్యాన్సర్ల వీడియోలు చూసి నేర్చుకోవాలనుంది, ఎవరితో మొదలుపెట్టమంటావు అత్తా అని అడిగావు. పేర్లు చెబుతాను. కానీ డ్యాన్సర్ పేరు చెప్పినప్పుడల్లా పక్కన ఒక సంగీతకారుడి పేరో, ఒక పాట పేరో కూడా చెబుతాను. ఆ రెండోది వదిలేస్తే నీకు కదలికలు వస్తాయి గానీ డ్యాన్స్ రాదు. ఇన్నేళ్లుగా పిల్లలకి నేర్పుతూ నేను గట్టిగా నమ్ముతున్న మాట ఇదే.

అసలు కథ కైరోలో బదియా మసాబ్ని దగ్గర మొదలుపెట్టు. సిరియా, లెబనాన్ వైపు నుంచి వచ్చిన ఆవిడ 1926లో కైరోలో సొంత నాట్యశాల తెరిచింది. అంతకుముందు ఈ నాట్యం ఎక్కువగా పెళ్లిళ్లలో, పండగల్లో, ఇరుకు జాగాల్లో సాగేది. బదియా దాన్ని పెద్ద స్టేజి ఎక్కించింది. ఒకే చోట నిలబడి నడుము కదిపితే వెనక వరసల వాళ్లకి కనబడదు కదా! అందుకే చేతులు పైకి లేచాయి, స్టేజంతా నడక వచ్చింది, వెనకాల గ్రూప్ డ్యాన్సర్లు వచ్చారు. సంగీతం కూడా దాంతోపాటే పెరిగింది. ఊద్, కానూన్ అనే తీగల వాద్యాలు, నాయ్ అనే పిల్లనగ్రోవి, కంజీర లాంటి రిక్, తబ్లా, వీటి పక్కన వయొలిన్లు, అకార్డియన్ చేరాయి. వాళ్ల తబ్లా మన తబలా కాదు, ఒడిలో పెట్టుకుని వాయించే ఒంటి వాద్యం. దర్బుకా అని కూడా అంటారు.

తహియా కారియోకా, సామియా గమాల్ ఇద్దరూ బదియా దగ్గర తయారైనవాళ్లే. మొదట వీళ్లిద్దర్నీ పక్కపక్కన పెట్టుకుని చూడు. వేరే ఎవరి జోలికీ వెళ్లకు.

తహియా చాలా తక్కువ జాగాలో ఆడుతుంది. తొందరన్నదే కనబడదు. బ్రెజిల్ బాణీలో ఉన్న కారియోకా నాట్యం చేసి పేరు తెచ్చుకుంది, అదే ఆవిడ ఇంటిపేరులా స్థిరపడిపోయింది. 1946 నాటి 'లిఅబత్ అస్సిత్' సినిమాలో ఆవిడ డ్యాన్సులు వెతుక్కుని చూడు. ఒక కదలిక మొదలుపెట్టి, దాన్ని సగంలో ఆపి, దరువు కోసం ఎదురుచూడడం ఆవిడకే తెలుసు. ఎడ్వర్డ్ సయీద్ అంతటి విమర్శకుడు కుర్రతనంలో ఆవిడ నాట్యం చూసి, 1990లో ఆవిడ మీద ఒక వ్యాసమే రాశాడు.

సామియా పూర్తిగా ఇంకో దారి. ఆవిడతోపాటు నువ్వు తెలుసుకోవాల్సిన మనిషి ఫరీద్ అల్ అత్రాష్. ఊద్ వాయిస్తాడు, పాడతాడు, బాణీలూ తనే కడతాడు. ఇద్దరూ కలిసి చాలా సినిమాలు చేశారు. 1949లో వచ్చిన 'అఫ్రీతా హానెమ్'లో ఆవిడ జిన్ను పిల్ల, అతను డబ్బు లేని గాయకుడు. ఆ సినిమాలో అతని స్వరం సాగినప్పుడు ఆవిడ చేతులు ఎలా సాగుతాయో, తబ్లా పైకి వచ్చినప్పుడు తుంటి దానికి ఎలా బదులు చెబుతుందో గమనించు. ఆ ఏడాదే ఫారూక్ రాజు ఆవిడకి ఈజిప్టు జాతీయ నర్తకి అని బిరుదు ఇచ్చాడు. బిరుదుల సంగతి ఎలా ఉన్నా, నా లెక్కలో సామియా చేతులకి సాటి వచ్చేవి లేవు.

ఇప్పుడు ఎలా చూడాలో చెబుతాను. మొదటిసారి ఫోన్ బోర్లించి పెట్టి పాట మాత్రమే విను. దరువు పట్టుకో. లోతుగా మోగేది దుమ్, అంచు మీద పలికేది తక్. అన్నిటికన్నా ఎక్కువ వినబడేది మక్సూమ్ అనే తాళం. దాన్ని ఎనిమిదిగా లెక్కపెట్టు: దుమ్, తక్, ఖాళీ, తక్, దుమ్, ఖాళీ, తక్, ఖాళీ. సయీదీ కూడా ఎనిమిదే, కాకపోతే నాలుగో చోటా ఐదో చోటా రెండు దుమ్‌లు పక్కపక్కన పడతాయి: దుమ్, తక్, ఖాళీ, దుమ్, దుమ్, ఖాళీ, తక్, ఖాళీ. ఎగువ ఈజిప్టు కర్ర నాట్యానికి వాడేది ఇదే. కూచిపూడి నేర్చుకున్నదానివి, చేత్తో తాళం వేయడం నీకు కొత్త కాదు. తాళం చేతికి ఎక్కేదాకా లేచి ఆడకు.

కూచిపూడి వల్ల నీకొక ఇబ్బంది కూడా ఉంది. మనకి దెబ్బ పాదంలో పడుతుంది. ఇక్కడ దుమ్ తుంటిలో పడాలి, పాదం మెత్తగా ఉండాలి. అరమండి వదిలెయ్, మోకాళ్లు కొద్దిగా సడలిస్తే చాలు. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

దరువు ఆగిపోయి నాయో కానూనో ఒంటరిగా పలికేది తక్సీమ్. ఆలాపన విని పెరిగిన చెవి నీది, కాబట్టి అది నీకు త్వరగానే అర్థమవుతుంది. అక్కడ లెక్క లేదు, అడుగులు తగ్గించి ఊపిరితో ఆడాలి. తక్సీమ్‌లో గబగబా తిరిగే డ్యాన్సర్‌ని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఆ తర్వాత సుహైర్ జకీ దగ్గరికి రా. ఈజిప్టు మహాగాయని ఉమ్ కుల్సూమ్ పాటల్ని డ్యాన్స్ స్టేజి మీదికి తెచ్చి పేరు పొందింది ఆవిడే. 1964లో స్వరకర్త మహమ్మద్ అబ్దుల్ వహాబ్ మొదటిసారి ఉమ్ కుల్సూమ్‌కి బాణీ కట్టిన పాట 'ఇంత ఉమ్రీ'. అందులో ఎలక్ట్రిక్ గిటార్ కూడా ఉంది. కచేరీలో గంటసేపు సాగే పాట అది, డ్యాన్సర్లు అందులో కొద్ది భాగమే తీసుకుంటారు. ప్రేమ ఎదురవకముందు గడిచిన బతుకంతా వృథా అనుకునే మనిషి గుండె ఆ పాట. అర్థం తెలియకుండా నవ్వుతూ ఆడితే అరబ్బులు ఇట్టే పట్టేస్తారు. మాటల అర్థం రాయించుకుని, ఏ వాక్యం ఎక్కడ వస్తుందో తెలిశాకే ఆడు. నజ్వా ఫువాద్ కోసమైతే అబ్దుల్ వహాబే 'కమర్ అర్బాతాషర్' అనే సంగీతం కట్టాడు. డ్యాన్సర్ స్టేజి మీదికి వచ్చే తీరు, ఆర్కెస్ట్రాని నడిపించే తీరు ఆవిడ దగ్గర నేర్చుకో.

మా అన్నయ్య టెన్షన్ పడుతున్నాడని రాశావు. కోప్పడకు, ఆయన చూసినవి మన సినిమాల క్లబ్ పాటలే. ఈ నాట్యం పుట్టినచోట కూడా ఈ బాధ ఉంది. 1834లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ ప్రభుత్వం కైరోలో బహిరంగంగా ఆడే స్త్రీలని నిషేధించి ఎస్నా, కెనా, అస్వాన్ వైపు పంపేసింది. చట్టం వచ్చాక మన గోదావరి జిల్లాల కళావంతుల నాట్యానికి ఏమైందో నీకు తెలుసు కదా, అలాంటిదే. అయినా పాట నిలిచింది, ఆట నిలిచింది. బట్టల గురించే ఆయన దిగులైతే, ఫీఫీ అబ్దూ ఒంటినిండా తెల్ల గలాబియా అనే పొడవాటి వదులు అంగీ వేసుకుని ఆడే బలదీ, అంటే జానపద బాణీ డ్యాన్స్ చూపించు. లేదంటే రెదా ట్రూప్. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ చేసిన మహమూద్ రెదా 1959లో పెట్టిన బృందం అది. ఫరీదా ఫహ్మీ అందులో ముఖ్య నర్తకి. 1967 నాటి వాళ్ల సినిమా 'గరామ్ ఫిల్ కర్నక్' ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు. అలీ ఇస్మాయిల్ సంగీతం విన్నాక మా అన్నయ్య కాలు కూడా ఆడుతుందని నా నమ్మకం.

సంక్రాంతి కార్యక్రమానికి తబ్లా సోలో చేస్తానన్నావు. ఇప్పుడే వద్దు. రికార్డు మీద కంఠతా పట్టి చేసే సోలోలో డ్యాన్సర్, డ్రమ్మర్ ఒకరినొకరు చూసుకునే ఆట ఉండదు. ఎదురుగా వాయించే మనిషి దొరికాక చేద్దువుగాని. ఈసారికి నాలుగు నిమిషాల మక్సూమ్ పాట ఒకటి ఎంచుకో. బాణీ కట్టిందెవరో, తబ్లా ఎవరో కనుక్కుని, స్టేజి మీద నీ పేరుతోపాటు వాళ్ల పేర్లు కూడా చదవమని యాంకర్‌కి ముందే కాగితం రాసిచ్చెయ్. పాట పంపితే నేనూ విని ఎక్కడెక్కడ ఆగాలో చెబుతాను.

ఆశీస్సులతో,
అత్తయ్య