ఆ సైకిలు చైను సంగతి

పర్లాకిమిడి

చిరంజీవి లావణ్యకు,

నీ కథ అందింది. మూడో పేజీలో నీ పిల్ల తమ్ముడి సైకిలు చైనుకు నూనె రాసి, చేతులు పావడాకి తుడుచుకుంటుంది. అక్కడ కాసేపు ఆగిపోయాను. పేజీ తిప్పేసరికి ఒళ్ళు మండింది. 'స్త్రీ విద్యలో వివక్ష ఆర్థికాభివృద్ధికి గొడ్డలిపెట్టు' అట! పొయ్యి ముందు కూర్చున్న తల్లి అనే మాటేనా అది?

2011 జనాభా లెక్కల్లో ఒడిశాలోని మన గజపతి జిల్లా మగవాళ్ళ అక్షరాస్యత 64 శాతం, ఆడవాళ్ళది 43. నువ్వూ ఆ అంకెలు ఇచ్చావు, తప్పు లేదు. ఆ తేడా ఎవరి కొంగుముడిలోంచి ఎంత పట్టుకుపోతోందో మాత్రం రాయలేదు.

మా అప్ప, నాకన్నా పెద్దది, బడి అయిదుతో మానేసింది. మహేంద్రతనయ దాటి పాతపట్నం హైస్కూలుకి నేను వెళ్ళాను. ఆడపిల్లని ఏరు దాటిస్తారా? పెళ్ళయ్యాక పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి చేరింది. కిలోకింత అని కూలి. నేర్చిన అక్షరాలూ మరిచిపోయి గుమాస్తా రాసే పద్దు చదవలేకపోయేది, అందుకే రోజుకెన్ని కిలోలో ఇంటి గోడ మీద బొగ్గుతో గీసుకునేది. వారం చివర పద్దులో ఎప్పుడూ గోడ మీదకన్నా తక్కువే ఉండేది. అడిగితే 'నీ గోడ తెచ్చి చూపించు' అనేవాడట. జీడిరసానికి తోలూడిన బొటనవేలితో ముద్ర కూడా సరిగా పడేది కాదు. ఆ పోయిన కిలోల డబ్బుంటే ఓ మేకపిల్లని కొనేది, కూతుర్ని ఆరులో చేర్చేది. కూతురూ అదే పని పీట మీద కూర్చుంది.

అంతలోనూ పండక్కొచ్చినప్పుడు నా తపాలా బిళ్ళలకని జేబులో చిల్లర వేసేది. ఆ గోడ గురించే కథ రాసి పత్రికకు పంపాను. ఒక సంపాదకుడు 'అప్ప' అన్న చోటల్లా ఎర్రసిరాతో 'అక్క' అని దిద్ది, 'సరిహద్దు భాష పాఠకులకు అర్థం కాదు' అని తిప్పి కొట్టాడు. గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం కొట్లాడింది ఈ ఊళ్ళోంచే కదా! ఇప్పుడు మాండలికం ఫ్యాషనై, అలాంటివాళ్ళే అడిగి మరీ రాయించుకుంటున్నారు. పోనీలే.

నువ్వూ అప్పని అక్క చేసేశావు. మార్చు. చివర్లో ఆ కలెక్టరు ఉద్యోగం పీకెయ్. కలం పేరు, పోటీలు అంటూ ఏవేవో అడిగావు, తర్వాత చూద్దాం. పరీక్ష తప్పి తమ్ముడు ఇంటికొచ్చిన రోజు సైకిలు ఎవరు తుడిచారు? అది రాసి ఉగాదిలోపు పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు