మాంసం కోసం నాటుకోళ్లలో క్రాసింగ్: అసీల్ పుంజు, గ్రామప్రియ పెట్ట, పొదగడానికి మీ నాటుకోళ్లు

మీ ప్రశ్న ఇదీ: పెరట్లో డజను నాటుపెట్టలున్నాయి, పిల్లలు కిలో తూగడానికి అయిదు నెలలు పడుతోంది. బ్రాయిలర్ పుంజును కలిపితే తొందరగా పెరుగుతాయా, పందెం కోళ్ల జాతి అయిన అసీల్ పుంజును కలపాలా, సంక్రాంతికి అందాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలి?

బ్రాయిలర్ జోలికి వెళ్లకండి. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటేలా తయారుచేసిన కోడి అది. దాన్ని దాటుకు (పెట్టతో జతకట్టడానికి) వచ్చే వయసు దాకా, అంటే ఆరు నెలలు నిలబెట్టాలంటే నాలుగో వారం నుంచే మేత కొలిచి పెట్టాలి. ఎదిగిన పుంజుకైనా రోజుకు 120, 130 గ్రాములు మించకూడదు. పెరట్లో వదిలేస్తే అందరి మేతా అదే తింటుంది, ఒళ్లు పెరిగి కాళ్లు పట్టేస్తాయి, మే నెల ఎండకు గుండె ఆగి పడిపోతుంది. బతికినా కిలోంబావు నాటుపెట్ట మీద ఆ బరువు ఎక్కితే పెట్ట వీపు చీలుతుంది. ఇంకో సంగతి చాలామంది ముందుగా ఆలోచించరు: బ్రాయిలర్ తెలుపు రంగు పిల్లల్లో పైకి తేలుతుంది. మీ పెట్ట ఎర్రదైనా నల్లదైనా ఎక్కువ పిల్లలు తెల్లగా, అక్కడక్కడా నల్ల చుక్కలతో వస్తాయి. కొనేవాళ్లు చూడగానే ఫారం కోడి అంటారు, నాటుకోడి ధర రాదు.

అసీల్ పుంజు సరైనదే. కానీ దాన్ని మీ నాటుపెట్టల మీదే దించితే లాభం సగమే. నాటుపెట్ట ఒక విడతకు 12 నుంచి 15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, పిల్లల్ని తిప్పుతుంది, ఏడాదికి 50, 60 గుడ్లు దాటడం కష్టం. గుడ్డు కూడా 40 గ్రాములే. పుట్టిన పిల్ల బరువు గుడ్డు బరువులో మూడింట రెండు వంతులు ఉంటుంది కాబట్టి 26, 27 గ్రాముల పిల్లతో మొదలవుతారు. తండ్రి ఎంత పెద్దదైనా మొదటి వారాల్లో పిల్లను నడిపేది గుడ్డే. అందుకే గుడ్లకు వేరే పెట్టలు పెట్టుకోండి, మీ నాటుపెట్టల్ని పొదగడానికి వాడండి. పొదగడంలో, గద్ద వస్తే పిల్లల్ని దాచుకోవడంలో వాటిని మించిన జాతి లేదు. ఎక్కువ గుడ్ల కోసం తయారుచేసిన పెరటికోడి రకం గ్రామప్రియలో ఆ గుణం దాదాపు ఉండదు.

గుడ్ల కోసం గ్రామప్రియ గానీ రాజశ్రీ గానీ అయిదారు పెట్టలు చాలు. గ్రామప్రియ, వనరాజా రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో తయారైనవి. రాజశ్రీ మన వెటర్నరీ విశ్వవిద్యాలయం వైపు నుంచి వచ్చింది. వనరాజా పెట్ట ఇంకాస్త బరువు పిల్లనిస్తుంది, గుడ్లు మాత్రం తక్కువ. నా ఓటు గ్రామప్రియకే: బరువు తండ్రి నుంచి, సంఖ్య తల్లి నుంచి.

ఇక్కడ ఒక షరతు ఉంది, దాన్ని పాటించకపోతే మిగతా కష్టమంతా వృథా. అసీల్, గ్రామప్రియ కలిసిన మొదటి తరం పిల్లల్ని మాంసానికే పెంచండి, వాటిలో పుంజును విత్తనానికి ఉంచకండి. రెండు దూరపు రక్తాలు కలిసినప్పుడు వచ్చే అదనపు ఎదుగుదల, రోగాన్ని తట్టుకునే బలం ఆ మొదటి తరంలోనే నిండుగా ఉంటాయి. ఆ పిల్లల్ని వాటిలో వాటికే కలిపితే ఆ అదనం సగానికి పడిపోతుంది. పైగా ఒకే గంపలో ఒకటి కిలోన్నర, ఒకటి 800 గ్రాములు, ఒకటి తాత పోలిక, ఒకటి నానమ్మ పోలిక. గ్రామప్రియ, వనరాజా కూడా వేర్వేరు వరసల్ని కలిపి తీసినవే కాబట్టి వాటి గుడ్లు వాటిలోనే పొదిగించినా అదే జరుగుతుంది. పుంజు స్వచ్ఛమైన అసీల్‌గా ఉండాలి, పెట్టలు అయిపోతే మళ్లీ పిల్లలు కొనాలి.

పుంజు ఎంపిక. ఏడాది నుంచి రెండున్నరేళ్ల లోపుది, మూడు, మూడున్నర కిలోలది తీసుకోండి. అయిదు కిలోల భారీ పుంజు చూడ్డానికి బాగుంటుంది, కానీ సరిగా దాటలేదు. ఛాతీ వెడల్పు, తొడల మధ్య ఎడం, నిటారైన కాలి వేళ్లు చూడండి. డేగా, కాకా, నెమలా అన్న రంగు మాంసానికి సంబంధం లేదు, ధరకే సంబంధం. డిసెంబరు, జనవరిలో అసలు కొనకండి, పందేల గిరాకీతో రేటు రెట్టింపు ఉంటుంది. బరిలో దెబ్బతిన్న పుంజు చవగ్గా దొరుకుతుంది గానీ కన్ను పోయినదీ కాలు కుంటిదీ పెట్టను పట్టలేదు, దానికి ఏ మందులు పొడిచారో కూడా తెలియదు. కాలి వెనక ముల్లు పొడవుగా ఉంటే మొన మొద్దుబార్చండి, పెట్టల పక్కలు చీలకుండా ఉంటాయి. ఒక పుంజుకు 5 లేదా 6 పెట్టలు, అంతకు మించితే పిల్ల రాని ఖాళీ గుడ్లు పెరుగుతాయి.

ఇప్పుడు ఎక్కువమంది తప్పే చోటు. పెట్ట పుంజు వీర్యాన్ని కడుపులో దాచుకుంటుంది. ఒకసారి దాటితే పది, పద్నాలుగు రోజులు, ఒక్కోసారి మూడు వారాల దాకా విత్తన గుడ్లు (పిల్ల వచ్చేవి) పెడుతుంది. పాత పుంజును తీసేసి అసీల్‌ను పెట్టిన మర్నాటి గుడ్లు అసీల్‌వి కావు. పాత పుంజును పూర్తిగా తీసేశాక 21 రోజులు వచ్చిన గుడ్లు వండుకోండి, అమ్ముకోండి, పొదుగుకు మాత్రం పెట్టకండి. పక్కింటి పుంజు గోడ దూకినా లెక్క మళ్లీ మొదటికే, కాబట్టి ఈ అయిదారు పెట్టలకూ పుంజుకూ జాలీ కట్టిన విడి ఆవరణ ఉండాలి. ఒక్కోదానికి 10 చదరపు అడుగులైనా ఇవ్వండి.

తండ్రి ఎవరో సరిచూసుకోవడానికి తురాయి పనికొస్తుంది. అసీల్ తురాయి నెత్తికి అతుక్కుని మూడు వరసల బుడిపెల్లా ఉంటుంది, ఆ లక్షణమే పైకి తేలుతుంది. గ్రామప్రియది రంపపు పళ్లలా నిలబడే ఒంటి తురాయి. స్వచ్ఛమైన అసీల్ తండ్రి అయితే పిల్లలన్నిటికీ పొట్టి, అణిగిన తురాయే వస్తుంది. అయిదారు వారాలకు ఏ పిల్లకైనా రంపపు తురాయి నిలబడితే ఆ గుడ్డు వేరే పుంజుదైనా అయ్యుండాలి, మీరు కొన్న అసీల్‌లో కల్తీ అయినా ఉండాలి. అలాంటివి పదిలో మూడు నాలుగు కనిపిస్తే పుంజును మార్చండి.

అయిదు పెట్టల నుంచి రోజుకు మూడు గుడ్ల లెక్కన వారానికి ఇరవై వస్తాయి. రోజుకు రెండుసార్లు ఏరండి, కడగకండి, మట్టి అంటితే పొడిగుడ్డతో తుడవండి. లావుపాటి కొన పైకి ఉంచి, తడి ఇసుక మీద కుండలో, ఇంట్లో చల్లని మూలన పెట్టండి. ఏడు రోజులు దాటినవి పొదుగుకు వద్దు. ఎండాకాలంలో గది వేడికే లోపల పిండం కదలడం మొదలై ఆగిపోతుంది, మూడు రోజులకు మించి ఆపకండి. ఏప్రిల్, మే నెలల్లో మురిగుడ్లు ఎక్కువ కావడానికి ఒక కారణం ఇదే.

గ్రామప్రియ గుడ్డు పెద్దది. సొంత గుడ్లు 14 కప్పే నాటుపెట్ట కింద ఇవి 10 మించి పెట్టకండి, అంచున ఉన్నవి చల్లబడతాయి. పొదుగుకు వచ్చిన రెండు మూడు పెట్టల కింద ఒకే రోజు సాయంత్రం చీకటి పడ్డాక గుడ్లు సర్దండి. ఒకే రోజు ఎందుకంటే టీకా సీసా మూత తీశాక రెండు గంటల్లో వాడేయాలి, అందులో కనీసం వంద డోసులుంటాయి. పిల్లలన్నీ ఒకే వయసువైతే ఒక సీసాతో అయిపోతుంది, పక్కవాళ్లవి కూడా కలుపుకోవచ్చు. పెట్టడానికి ముందు పెట్ట ఒంట్లో పేను ఉందేమో ఈకలు విప్పి చూడండి. పేను కుట్టే పెట్ట గూడు వదిలి లేచిపోతుంది. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూసి, నరాల సాలెగూడు కనిపించనివి తీసేయండి. ఇరవైలో 14 నుంచి 16 పిల్లలు వస్తే బాగా వచ్చినట్టే. పది దాటకపోతే పుంజును, గుడ్ల నిల్వను అనుమానించండి, పెట్టను కాదు.

మేత దగ్గర లోభిస్తే క్రాసింగ్ చేసిన ఫలితం కనిపించదు. నూకలు, తవుడు చల్లితే క్రాస్ పిల్ల కూడా నాటుపిల్లలాగే పెరుగుతుంది, ఎందుకంటే మొదటి 6, 8 వారాలు దానికి 20 శాతం మాంసకృత్తులు కావాలి. సొంతంగా కలిపితే 100 కిలోలకు మొక్కజొన్న 52, సోయాచెక్క 28, తవుడు 12, ఎండుచేపల పొడి 5, ఖనిజ మిశ్రమం 2, సున్నపురాయి పొడి 700 గ్రాములు, ఉప్పు 300 గ్రాములు. విటమిన్ల పొడి ప్యాకెట్ మీద రాసిన మోతాదులో. చేపలు ఉప్పువైతే విడిగా ఉప్పు వేయకండి, పిల్లలు నీళ్ల రెట్టలు వేసి చస్తాయి. బూజు పట్టిన మొక్కజొన్న, పాత వేరుశనగ చెక్క అసలు వద్దు, ఆ బూజు విషం కాలేయాన్ని కొట్టి టీకాను కూడా పనిచేయనివ్వదు. తల్లి ఈ మేతంతా లాగించకుండా రెండంగుళాల సందులున్న వెదురు గంప బోర్లించి మేత దాని కింద పెట్టండి, పిల్లలు దూరతాయి, తల్లి దూరలేదు. ఎనిమిది వారాల తర్వాత సగం ఈ మేత, సగం గింజలు, మిగతాది పెరట్లో ఏరుకుంటాయి. కోడి ఒక్కింటికి మొత్తం 5 కిలోల మేత లెక్కేసుకోండి.

టీకాలు: 7వ రోజు లసోటా కంట్లో చుక్క, 14వ రోజు గంబోరో జబ్బు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరో వారం రెక్క పొరలో మశూచి టీకా, ఎనిమిదో వారం చర్మం కింద ఆర్‌టూబీ. లసోటా, ఆర్‌టూబీ రెండూ కొక్కెర తెగులు రాకుండా వేసే టీకాలు, ఆ తెగులు వచ్చాక మందు లేదు. మూడు నుంచి అయిదు వారాల మధ్య రెట్టలో రక్తం కనిపిస్తే అది కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు. తడిసిన పొట్టు ఎత్తిపారేసి, ఆంప్రోలియం అనే మందు నీళ్లలో కలిపి పశువైద్యుడు చెప్పిన మోతాదులో ఇవ్వండి.

ఈ మేత మీద 16 వారాలకు పుంజులు కిలోన్నర చుట్టూ, పెట్టలు కిలో, కిలోంబావు దగ్గర ఉండాలి. సెప్టెంబరు 1న పొదుగుకు పెడితే 22న పిల్లలు, జనవరి రెండో వారానికి 16 వారాలు నిండి కనుమకు సరిగ్గా అందుతాయి. 21 రోజుల ఖాళీ, గుడ్లు ఏరే వారం కలుపుకుంటే పుంజు ఆగస్టు మొదటి రోజులకే ఆవరణలో ఉండాలి. తెలంగాణ వైపైతే బోనాలకు ఫిబ్రవరి మొదట్లో పెట్టండి. ఆ విడత ఎండల్లో పెరుగుతుంది కాబట్టి రెండు వారాలు ఎక్కువ పడుతుంది, నీడా మధ్యాహ్నం చల్లని నీళ్లూ తప్పనిసరి.

అసీల్ రక్తం వల్ల మూడు నెలలు నిండేసరికి పుంజులు కొట్టుకుంటాయి. గాయపడ్డ కోడి వారం మేత మానేసి 100, 150 గ్రాములు దిగిపోతుంది, అమ్మేటప్పుడు కొనేవాడు దాన్నే పట్టుకుని ధర తగ్గిస్తాడు. పన్నెండో వారంలో పుంజుల్ని, పెట్టల్ని విడదీయండి. కలిసి పెరిగిన పుంజుల గుంపులోకి కొత్తదాన్ని వదలకండి, ఒకదాన్ని రెండు రోజులు బయట కట్టేసి మళ్లీ లోపల పెట్టినా గొడవే. చోటు లేకపోతే దెబ్బలాడే వాటిని 14వ వారంలోనే అమ్మేయండి. బరువు కొంచెం తక్కువే ఉంటుంది, కానీ ఆ తర్వాత రెండు వారాల మేతా, గాయాల నష్టమూ లెక్కేస్తే అదే మేలు.