ఏజెంటుకు సగం డబ్బు కట్టాం, తమ్ముడిని ఓడ ఎక్కించవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు. మర్చంట్ నేవీలో చేరి ఆఫీసర్ కావాలని వాడి పట్టుదల. ఒక ఏజెంటు డెక్ ట్రైనీగా ఓడ ఎక్కిస్తానన్నాడు. 'ప్లేస్‌మెంట్ ఫీజు' అని అడిగినదాంట్లో సగం కట్టేశాం. పాస్‌పోర్టు, మార్కుల సర్టిఫికెట్ల ఒరిజినల్స్ అతని దగ్గరే ఉన్నాయి. విజిట్ వీసా మీద వేరే దేశం వెళ్లి అక్కడ ఓడ ఎక్కాలట. మొదటి 9 నెలలు జీతం ఉండదట, సీ టైం వస్తుంది కదా, అదే లాభం అంటున్నాడు. మధ్యలో దిగిపోతే మిగతా ఫీజు, దాని మీద నష్టపరిహారం కడతానని తమ్ముడితో బాండు రాయించుకున్నాడు. ఇప్పుడు మానుకుంటే డబ్బు వెనక్కి వస్తుందా? ఆ సీ టైం పనికొస్తుందా? ఆఫీసర్ కావడానికి సరైన దారి ఏది?

జవాబు: మీరు అడిగిన మూడింటిలో మధ్య ప్రశ్నే అసలుది. దానికి జవాబు తెలిస్తే మిగతా రెండూ చాలావరకు తేలిపోతాయి. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఓడ మీద గడిపిన ప్రతి రోజూ సీ టైం కాదు. పరీక్ష రాయడానికి, సర్టిఫికెట్ ఇవ్వడానికి నౌకాయాన అధికారులు లెక్కలోకి తీసుకునే రోజులే సీ టైం. ఏ రోజులు లెక్కకొస్తాయో చెప్పేది ఎస్‌టీసీడబ్ల్యూ అనే అంతర్జాతీయ ఒప్పందం. నావికుల శిక్షణకు, సర్టిఫికెట్లకు, వాచ్ డ్యూటీలకు, అంటే ఓడ నడుస్తున్నప్పుడు వంతులవారీగా కాపు కాసే పనికి, ఇదే మూలం. 1978లో పుట్టింది, 1995లో పెద్ద మార్పు జరిగింది, 2010లో మనీలాలో చేసిన సవరణలు 2012 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఒప్పందంలో చేరిన దేశాలు తమ చట్టాలను దీనికి తగ్గట్టు రాసుకుంటాయి. కొన్ని దేశాలు ఇంకాస్త కఠినంగా పెట్టుకుంటాయి గానీ దీనికన్నా తగ్గించడానికి వీల్లేదు.

ఈ ఒప్పందం వర్తించేది సముద్రంలో తిరిగే వాణిజ్య నౌకలకు. రేవు లోపలే అటూ ఇటూ తిరిగే టగ్గు, నదిలో నడిచే బార్జి, చేపల పడవ దీని కిందికి రావు. పెద్ద ఓడల మీద వాచ్ ఆఫీసర్ సర్టిఫికెట్ కావాలనుకుంటే ఓడ పరిమాణం కూడా చూస్తారు. అక్కడ గీత 500 గ్రాస్ టన్నులు. మీ ఏజెంటు 'షిప్' అంటున్నది దేన్నో మీరెవరూ అడిగినట్టు లేదు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు 11 నెలల సీ టైం కాగితం తెచ్చాడు. స్టాంపులు, సంతకాలు చూడముచ్చటగా ఉన్నాయి. అతను పనిచేసింది మాత్రం లంగరు వేసిన ఓడలకు సరుకులు అందించే ఒక చిన్న బోటు మీద. పరీక్షకు పెట్టుకుంటే 11 నెలల్లో ఒక్క రోజు కూడా లెక్కకు రాలేదు. అతనికి నేను చేయగలిగిందీ పెద్దగా లేకపోయింది.

ఓడ సరైనదే అయినా, దాని మీద మీ తమ్ముడిని ఏ హోదాలో చూపిస్తారన్నది మరో ముఖ్యమైన విషయం. క్రూ లిస్టులో 'డెక్ క్యాడెట్' (ఆఫీసర్ కావడానికి శిక్షణలో ఉన్నవాడు) అనో 'ఆర్డినరీ సీమన్' (కింది మెట్టు నావికుడు) అనో ఉండాలి. 'సూపర్‌న్యూమరరీ' అని ఉంటే అదనపు మనిషి అని అర్థం. తెల్లవార్లూ రంగు గీకించినా, తాళ్లు లాగించినా కాగితం మీద అతను సిబ్బందిలో ఒకడు కాదు. నావికుడి సేవను నమోదు చేసే సీమన్ బుక్కులో సైన్ ఆన్, సైన్ ఆఫ్ (ఓడలో చేరిన, దిగిన) తేదీలు, హోదా, ఓడ పేరు, దాని శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఓ నంబరు కెప్టెన్ సంతకంతో ఉండాలి. ఇంటికొచ్చాక ఏజెంటు ఇచ్చే సర్టిఫికెట్ వీటికి సాటి రాదు.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ చట్టం మీ పక్షాన ఉంది. నావికుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో చేసిన ఎంఎల్‌సీ అనే ఒప్పందం ఉంది. అది 2013 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉంది, వందకు పైగా దేశాలు ఆమోదించాయి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర నేరుగా గానీ, పరోక్షంగా గానీ, మొత్తంగా గానీ, కొంత భాగంగా గానీ ఫీజు తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. నావికుడు తన ఖర్చుతో చేసుకోవాల్సినవి మెడికల్ సర్టిఫికెట్, సీమన్ బుక్కు, పాస్‌పోర్టు లాంటి ప్రయాణ పత్రాలు, అంతే. వీసా ఖర్చు కూడా ఓడ యజమానిదే. కాబట్టి 'ప్లేస్‌మెంట్ ఫీజు' అనే మాట రసీదు మీద ఉందంటే ఏజెంటు తన తప్పు తనే రాసిచ్చాడన్నమాట. ఆ రసీదు జాగ్రత్త. ఇప్పుడు అతను దాన్ని వెనక్కి అడిగి 'ట్రైనింగ్ ఫీజు' అని కొత్తది ఇస్తానంటాడు. ఇవ్వకండి.

గుర్తింపు పొందిన శిక్షణ సంస్థ తన కోర్సుకు ఫీజు తీసుకోవచ్చు, అందులో తప్పులేదు. తేడా ఎలా పట్టాలంటే, శిక్షణ ఎవరిస్తున్నారు, కోర్సుకు ప్రభుత్వ ఆమోదం ఉందా, రసీదు ఆ సంస్థ పేరు మీద వస్తుందా అని చూడండి. మీ విషయంలో తరగతీ లేదు, సంస్థా లేదు. పేరు మార్చినంత మాత్రాన అది శిక్షణ అయిపోదు.

బాండు గురించి మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నట్టున్నారు. తీసుకోకూడని ఫీజును రాబట్టుకోవడానికి రాయించుకున్న బాండు ఆ ఫీజు కన్నా గట్టిది ఎలా అవుతుంది? చట్టం వద్దన్న పని కోసం చేసుకున్న ఒప్పందాన్ని కోర్టులు సాధారణంగా అమలు చేయవు. 'డబ్బిచ్చిన మీదీ తప్పే కదా' అని ఏజెంటు వాదిస్తాడు. ఆ నిషేధం పెట్టిందే ఉద్యోగం కోసం వచ్చినవాడిని కాపాడటానికి కాబట్టి, అతన్ని తప్పులో సమాన భాగస్తుడిగా చూడకూడదన్నదే మన వాదన. డబ్బు తిరిగి ఇప్పించమని అడగడానికి ఇదే ఆధారం. అయితే హక్కు ఉండటం ఒకటి, డబ్బు చేతికి రావడం ఒకటి. బ్యాంకు ద్వారా కట్టినదైతే రుజువు తేలిక. నగదుగా ఇచ్చి ఉంటే ఫోన్లో నడిచిన సందేశాలు, వాయిస్ మెసేజ్‌లు, సాక్షులే దిక్కు. వాటిలో ఒక్కటి కూడా చెరిపేయకండి.

ముందు చేయాల్సిన పని, డబ్బు మాట ఎత్తకుండా పత్రాలు వెనక్కి తెచ్చుకోవడం. చదువు సర్టిఫికెట్లు తమ్ముడివి, పాస్‌పోర్టు దాన్ని ఇచ్చిన ప్రభుత్వానిది. వీటిని తాకట్టు వస్తువుల్లా పెట్టుకునే హక్కు ఏజెంటుకు లేదు. మర్యాదగా ఒకసారి అడగండి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా గడువు పెట్టి అడగండి. గడువు దాటితే పోలీసులకు, పాస్‌పోర్టు అధికారులకు ఫిర్యాదు చేయండి. పత్రాలు చేతికొచ్చాకే ఫీజు వాపసు కోరుతూ లాయరు ద్వారా నోటీసు ఇవ్వండి. అదే సమయంలో నౌకాయాన అధికారులకు కూడా ఫిర్యాదు వెళ్లాలి. ఎంఎల్‌సీ ఆమోదించిన దేశంలో నావికులను పంపే ప్రైవేటు ఏజెన్సీకి లైసెన్సు గానీ, ప్రభుత్వ నియంత్రణలో ఉండే మరో రకం అనుమతి గానీ తప్పనిసరి. ఏజెన్సీ మాట తప్పడం వల్ల నావికుడికి నష్టం జరిగితే తీర్చడానికి బీమా లాంటి ఏర్పాటు కూడా ఉండాలి. ఇతనికి అసలు అనుమతి ఉందో లేదో అధికారుల దగ్గర ఒక్క విచారణతో తెలిసిపోతుంది. లేదని తేలితే ఇది ఫీజు తగాదాగా మిగలదు, మోసం కేసు అవుతుంది. ఫిర్యాదు చేస్తే తమ్ముడి పేరు బ్లాక్‌లిస్టులో పెట్టిస్తానని బెదిరించవచ్చు. అలాంటి జాబితాలు పెట్టడాన్ని కూడా ఆ ఒప్పందం నిషేధించింది.

జీతం లేని 9 నెలల మాట కూడా నిలబడదు. ఎంఎల్‌సీ దృష్టిలో ఓడ మీద ఏ హోదాలో పనిచేసినా నావికుడే, క్యాడెట్‌తో సహా. చేసిన పనికి జీతం నెలకు మించకుండా, పూర్తిగా ఇవ్వాలి. చేరే ముందే ఉద్యోగ ఒప్పందం మీద ఇద్దరి సంతకాలు ఉండాలి, సంతకం చేసిన ఒరిజినల్ ఒకటి తమ్ముడి చేతిలో ఉండాలి. సంతకానికి ముందు దాన్ని చదువుకోవడానికి, సలహా తీసుకోవడానికి అవకాశం ఇవ్వాలి. ఆ ఒప్పందంలో యజమాని పేరు, చిరునామా, హోదా, జీతం, సెలవు, ఇంటికి తిరిగి పంపే హక్కు రాసి ఉండాలి. మీరు పంపిన కాగితాల్లో బాండు ఉంది, ఒప్పందం మాత్రం లేదు. విజిట్ వీసా మీద పంపుతానన్నప్పుడే నాకు చాలా అర్థమైంది. అక్కడ ఓడ దొరక్కపోతే అతను ఆ దేశంలో చూడటానికి వచ్చిన మనిషే తప్ప నావికుడు కాడు.

కాబట్టి ఇతని ద్వారా ఓడ ఎక్కించకండి. కట్టింది పోతుందేమోనన్న భయంతో మిగతా సగం కట్టడం మాత్రం అసలు వద్దు.

ఇప్పుడు సరైన దారి. అన్నిటికన్నా ముందు, ఒక్క రూపాయి కూడా కోర్సుకు కట్టకముందే, నావికులను పరీక్షించే గుర్తింపు పొందిన డాక్టరు దగ్గర మెడికల్ చేయించండి. ముఖ్యంగా రంగులు గుర్తించే చూపు. రాత్రి సముద్రంలో ఎదుటి ఓడ ఎటు పోతోందో ఎరుపు, ఆకుపచ్చ దీపాలను బట్టే తెలుస్తుంది. అందుకే ఈ లోపం ఉంటే డెక్ ఆఫీసర్ దారి మూసుకుపోతుంది. కోర్సంతా చదివాక ఈ సంగతి తెలిసినవాళ్లున్నారు.

ఆ తర్వాత బేసిక్ సేఫ్టీ శిక్షణ. నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, ఓడ మీద మెలగాల్సిన తీరు, ఈ నాలుగూ అందులో భాగం. దీంతో పాటు భద్రతా అవగాహన కోర్సు. ఇవి లేకుండా ఓడ పనిలో పెట్టుకోకూడదు. మీ ఏజెంటు ఈ ఊసే ఎత్తలేదంటే దానర్థం మీకే తెలుసు.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఆమోదం పొందిన శిక్షణ కార్యక్రమంలో క్యాడెట్‌గా చేరితే వాచ్ ఆఫీసర్ సర్టిఫికెట్‌కు కనీసం 12 నెలల సముద్ర సేవ చాలు, కానీ శిక్షణ రికార్డు పుస్తకం నిండాలి. అలాంటి కార్యక్రమం లేకుండా కింది నుంచి వస్తే కనీసం 36 నెలలు. రెండు దారుల్లోనూ అందులో 6 నెలలైనా కెప్టెన్ లేదా అర్హత గల ఆఫీసర్ పర్యవేక్షణలో బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపించే గదిలో, వాచ్ చేసి ఉండాలి. వయసు 18 నిండాలి, రేడియో సర్టిఫికెట్, పరీక్షలు సరేసరి. ఏజెంటు చెప్పే 9 నెలలు అన్నీ సవ్యంగా ఉన్నా ఈ రెండు లెక్కల్లో దేనికీ సరిపోవు. రికార్డు పుస్తకం లేని ట్రైనీ 36 నెలల వరుసలోనే నిలబడాలి.

డబ్బు కష్టంగా ఉంటే రేటింగ్‌గా, అంటే సిబ్బందిలో కింది మెట్టు నుంచి మొదలుపెట్టడంలో చిన్నతనం లేదు. 6 నెలల సేవతో, లేదా ప్రత్యేక శిక్షణ తీసుకుంటే 2 నెలలతో నేవిగేషన్ వాచ్ రేటింగ్ కావచ్చు. ఆ అర్హతతో మరో 18 నెలలు చేస్తే, శిక్షణ తోడైతే 12 నెలలకే, ఏబీ (ఏబుల్ సీమన్, అంటే రేటింగుల్లో పై మెట్టు) సర్టిఫికెట్‌కు వెళ్లవచ్చు. నా అభిప్రాయం అడిగితే, ఆమోదం ఉన్న క్యాడెట్ సీటు దొరికితే అదే మేలు. దొరకకపోతే దాని కోసం అప్పులపాలు కావడం కన్నా ఈ రెండో దారి నయం, కాకపోతే ఓపిక కావాలి.

ఆఫీసర్ అయ్యాక 3000 గ్రాస్ టన్నులు, ఆ పైన ఉన్న ఓడల మీద చీఫ్ మేట్ (కెప్టెన్ తర్వాతి డెక్ ఆఫీసర్) కావడానికి వాచ్ ఆఫీసర్‌గా 12 నెలలు, కెప్టెన్ కావడానికి 36 నెలలు చేసి ఉండాలి. చీఫ్ మేట్‌గా ఏడాది చేసి ఉంటే ఈ 36 కాస్తా 24కు తగ్గవచ్చు. ఇవి కనీస లెక్కలు, పైన కోర్సులు, పరీక్షలు ఉంటాయి. ఆఫీసర్ సర్టిఫికెట్‌ను 5 ఏళ్లకోసారి కొనసాగించుకోవాలి. దానికి మామూలుగా చూపేది ఆ 5 ఏళ్లలో 12 నెలల సేవ. పెళ్లి, ఇల్లు, ఒడ్డున ఉద్యోగం అంటూ ఆగిపోయిన ఆఫీసర్లు ఈ 12 నెలల దగ్గరే ఇబ్బంది పడి నా దగ్గరికి వస్తుంటారు.

రేపు ఎవరైనా నిజమైన ఆఫరే ఇచ్చినా, ఓడ ఐఎంఓ నంబరు అడగండి. అది 7 అంకెలు, ఓడ పేరు, జెండా, యజమాని మారినా మారదు. దాంతో ఓడ ఏ దేశంలో రిజిస్టరైంది, యజమాని ఎవరు, ఎన్నిసార్లు తనిఖీల్లో ఆపేశారు అన్నవి ఈక్వాసిస్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. సిబ్బందిని వదిలేసి పారిపోయిన యజమానుల ఓడల వివరాలను అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక బహిరంగ జాబితాలో ఉంచుతుంది, అదీ చూడండి. నంబరు చెప్పడానికి తటపటాయించే ఏజెంటుతో మాట అక్కడితో ఆపేయొచ్చు.

మీరు నోటీసు ఇవ్వబోయే ముందు రసీదు నకలు నాకు పంపండి. మీరు పంపిన కాగితాల్లో ఓడ పేరు రాసిన ఉత్తరం మీద తేదీ సరిగ్గా కనిపించడం లేదు, మరోసారి ఫోటో తీసి పంపండి.