కొత్త జెట్‌కు అడ్వాన్సు కట్టే ముందు

కొత్త చిన్న జెట్ విమానానికి సర్టిఫికేషన్ (ఎగరడానికి భద్రమేనన్న ప్రభుత్వ ఆమోదం) రాకముందే అడ్వాన్సు కడితే ధర తగ్గిస్తామంటున్నారు, కట్టొచ్చా అని అడిగారు. ఆ డబ్బు ఎస్క్రో ఖాతాలో, అంటే షరతులు తీరేదాకా అమ్మేవాళ్లు ముట్టుకోకుండా మూడో పక్షం దగ్గర ఉంటుందనీ, సర్టిఫికెట్ రాకపోతే తిరిగి ఇస్తామనీ ఒప్పందంలో రాసిస్తే తప్ప కట్టకండి.

చిన్న జెట్లు తయారు చేసిన ఎక్లిప్స్ కంపెనీ సంగతి చూడండి. దాని ఎక్లిప్స్ 500 జెట్‌కు 2006లో ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) సర్టిఫికెట్ వచ్చింది. అయినా లోపం ధరలో ఉంది. ఏటా వందల విమానాలు అమ్ముతామన్న లెక్కతో దాన్ని తక్కువగా పెట్టారు. సుమారు 260 విమానాలు అందించాక, 2008 నవంబరులో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అడ్వాన్సులు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లు హామీ లేకుండా అప్పిచ్చినవాళ్ల వరుసలో, అంటే చివర్లో మిగిలారు. చాలా బాధాకరం. చిన్న జెట్ తయారు చేస్తున్న ఆడమ్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ కూడా అదే ఏడాది మూతపడింది. పైపర్ కంపెనీ 2011లో ఆల్టెయిర్ జెట్ పనిని, డైమండ్ కంపెనీ 2013లో డి-జెట్ పనిని ఆపేశాయి.

సిరస్ కంపెనీ విజన్ జెట్ మాత్రం 2016లో సర్టిఫికెట్ దాకా వచ్చింది. పిస్టన్ విమానాల (జెట్ కాని, పిస్టన్ ఇంజన్‌తో నడిచే చిన్న విమానాల) అమ్మకాలు ఆ కంపెనీకి ముందునుంచీ ఉన్నాయి, పైగా 2011లో చైనా ప్రభుత్వ సంస్థ దాన్ని కొని పెట్టుబడి పెట్టింది. కాబట్టి మీకు జెట్ అమ్ముతున్న కంపెనీకి ఈ జెట్ కాక వేరే ఆదాయం ఉందేమో ముందు కనుక్కోండి.

ఇంజన్ పేరున్న సంస్థదైతే దాని విషయంలో దిగులు తక్కువే. కంపెనీ మూతపడితే అసలు ఇబ్బంది ఆ విమానానికే ప్రత్యేకమైన విడిభాగాలతో. టైప్ సర్టిఫికెట్ (ఆ విమానం డిజైన్‌కు వచ్చిన ఆమోదం) కొన్నవాళ్లు వాటిని తయారు చేసేదాకా విమానం నేల మీదే ఉండొచ్చు. ఎస్క్రో అనగానే అమ్మేవాళ్లు వెనకాడితే బేరం అక్కడితో ఆపేయండి.